డాక్టర్ సలహా: ఏ ఆటలో చేర్పించాలో తర్వాత చూద్దాం, ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. బరువు 78 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. చిన్నప్పటి నుంచీ ఆటలంటే దూరం. ఈ ఏడాది స్కూల్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఆటకు పేరు ఇవ్వాలన్నారు. ఫుట్‌బాల్‌లో చేరమంటే పరిగెత్తలేనంటాడు. రెండు నిమిషాలకే ఆయాసపడతాడు, అందరూ నవ్వుతారని టెన్షన్ పడుతున్నాడు. నెల రోజులుగా కుడి మోకాలు నొప్పంటూ కాస్త కుంటుతున్నాడు కూడా. నా నడుము నొప్పికి రాసిచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర వేస్తే తగ్గుతోంది. అలవాటు లేని పిల్లాడికి ఏ ఆట సులువుగా ఉంటుంది? ఆడితే బరువు తగ్గి ఆ నొప్పి కూడా పోతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఆట గురించి. నా కన్ను మాత్రం మీరు చివర్లో ఒక్క ముక్క చెప్పి వదిలేసిన ఆ కుంటడం దగ్గరే ఆగిపోయింది. ఆటల సంగతి కింద రాస్తాను. ముందు ఇది చదవండి.

ఎదిగే వయసు, బరువు ఎక్కువ, నెల రోజుల మోకాలి నొప్పి, కుంటుతున్న నడక. ఇవన్నీ ఒకే పిల్లాడిలో కనిపిస్తే మేం మోకాలి కంటే ముందు తుంటిని చూస్తాం. తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది, అది తుంటి గిన్నెలో కూర్చుని ఉంటుంది. పిల్లల్లో ఆ తలకూ కింది ఎముకకూ మధ్య గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఒక్కసారిగా పొడవు పెరిగే వయసులో, పైన బరువు కూడా ఎక్కువగా ఉన్నప్పుడు, ఒక్కోసారి ఆ పొర దగ్గర ఎముక జారుతుంది. దీన్ని స్లిప్డ్ క్యాపిటల్ ఫెమోరల్ ఎపిఫిసిస్ అంటాం. ఎక్కువగా 10 నుంచి 16 ఏళ్ల మధ్య వస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. కింద పడక్కర్లేదు, దెబ్బ తగలక్కర్లేదు.

చిక్కేమిటంటే, జారేది తుంటిలో అయినా నొప్పి తొడలోనో మోకాలిలోనో తెలుస్తుంది. ఆ రెండు కీళ్లకూ వెళ్లే నరాల్లో కొన్ని ఒకటే కావడం దీనికి కారణం. కాబట్టి పిల్లాడు మోకాలు చూపిస్తాడు, ఇంట్లోవాళ్లు మోకాలికి స్ప్రే కొడతారు, ఎక్స్‌రే కూడా మోకాలికే తీస్తారు. అది నార్మల్‌గా వస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇలాగే మూడు నెలలు తిరిగి నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి నాకింకా గుర్తున్నాడు. తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా ఆరడుగులు నడిచాడేమో, అడుగు వేసిన ప్రతిసారీ కుడి పాదం బొటనవేలు బయటికే చూస్తోంది. బల్ల మీద పడుకోబెట్టి మోకాలిని మెల్లగా ఛాతీ వైపు మడిచాను. నేరుగా రావాల్సిన మోకాలు, ఎవరో పక్కకు లాగినట్టు, బయటికి ఒరిగిపోయింది. అప్పుడు తుంటికి ఎక్స్‌రే తీస్తే తల జారి ఉంది. మొదటి నెలలోనే వచ్చి ఉంటే జారింది చాలా తక్కువగా ఉండేది. (ఈ పరీక్ష మీరు ఇంట్లో చేసి చూడకండి. బలంగా మడిస్తే ఇంకా జారే ప్రమాదం ఉంది.)

మీ అబ్బాయికి ఇదే ఉందని నేను అనడం లేదు. చేత్తో పరీక్షించకుండా అలా చెప్పకూడదు కూడా. ఈ వయసులో మోకాలి చిప్ప కింద ఎముక బొడిపెలా లేచి నొక్కితే నొప్పి పుట్టే ఆస్‌గుడ్-ష్లాటర్ సమస్య చాలామందికి వస్తుంది, అది ప్రమాదకరం కాదు. ఇంకా వేరే కారణాలూ ఉండొచ్చు. అయితే ప్రమాదమైనదాన్ని ముందు కాదనుకోవాలి, ఆ తర్వాతే మిగతావి.

కాబట్టి ఇవాళో రేపో ఎముకల డాక్టర్‌కు చూపించండి. మోకాలితో పాటు రెండు తుంట్లూ చూడమని మీరే అడగండి. ఎక్స్‌రే మామూలు కోణంలో ఒకటి, మోకాళ్లు మడిచి తొడలు పక్కకు తెరిచి ఒకటి తీస్తారు. కొద్దిగా జారినది ఒక్కోసారి రెండోదానిలోనే బయటపడుతుంది. రెండో వైపు కూడా జారే అవకాశం ఉంది కాబట్టి రెండు వైపులా చూడటం అవసరం. డాక్టర్ సరేనన్నదాకా పరుగు, గెంతులు, మెట్లెక్కడం వద్దు. పీటీ పీరియడ్‌కు సెలవు చీటీ రాసివ్వండి. అకస్మాత్తుగా నొప్పి పెరిగి కాలు కింద పెట్టలేకపోతే ఆ పూటే, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. నడిపించకండి. ఎముక తలకు వెళ్లే రక్తప్రసరణ దెబ్బతినేది ఎక్కువగా అలాంటప్పుడే. తొందరగా పట్టుకుంటే సాధారణంగా ఒక స్క్రూ వేసి ఇంకా జారకుండా ఆపుతారు. చాలామంది పిల్లలు తర్వాత మళ్లీ ఆడుకుంటారు. ఆలస్యమైతే కాలు తిరిగిపోవడం, పొట్టిదవడం, చిన్న వయసులోనే తుంటి అరగడం దాకా వెళ్లొచ్చు.

ఇక ఆ మాత్ర. కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ నడుముకు, మీ వయసుకు, మీ బరువుకు ఒక డాక్టర్ చూసి రాసిన మందు అది. 14 ఏళ్ల పిల్లాడికి ఏ లెక్కన వేశారు? డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేయగలదు. బాగా చెమటపట్టి నీళ్లు సరిగ్గా తాగని రోజున కిడ్నీల మీద భారం వేస్తుంది. ఆస్తమా ఉన్న కొందరికి ఇలాంటి మాత్రలతో ఆయాసం ఎక్కువవుతుంది. మీ అబ్బాయికి ఆయాసం ఉందని మీరే రాశారు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. నొప్పి ఉంది కాబట్టే పిల్లాడు ఆ కాలు మీద బరువు మోపకుండా కుంటుతున్నాడు. మాత్ర వేయగానే నొప్పి తెలియదు, మామూలుగా నడుస్తాడు, మెట్లు దిగుతాడు, ఫుట్‌బాల్ కూడా ఆడేస్తాడు. లోపల జారుతున్నది జారుతూనే ఉంటుంది. మీరేమో తగ్గిందనుకుంటారు. నెల రోజులు గడిచింది అలాగే. మాత్ర వేస్తే తగ్గి, ఆపితే మళ్లీ వచ్చే నొప్పిని తగ్గిన నొప్పిగా లెక్కపెట్టకండి. పిల్లలు కుంటుతుంటే రెండు మూడు రోజులు చూడొచ్చు, అంతకు మించి ఇంట్లో వైద్యం వద్దు. జ్వరం కూడా ఉంటే ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు. మసాజ్ చేయించడం, కాలు లాగించడం అసలే వద్దు.

ఆయాసం సంగతి. ఎప్పుడూ పరిగెత్తని పిల్లాడికి రెండు నిమిషాలకే రొప్పు రావడం వింత కాదు. పరుగు ఆపాక దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం లాంటివి ఉంటే ఆస్తమా పరీక్ష చేయించండి. ఆడుతుండగా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మీ దగ్గరి బంధువుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపు గుండె సమస్యతో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఏ ఆటలోనూ చేర్చకముందే గుండె పరీక్ష కావాలి.

బాబూ, ఇక్కడి నుంచి నువ్వు చదువు. ఎక్స్‌రే చూసి డాక్టర్ ఆడొచ్చన్నాక మొదలుపెట్టడానికి నేనైతే ఈతకు ఓటేస్తాను. నడుము లోతు నీళ్లలో నీ బరువులో దాదాపు సగం నీళ్లే మోస్తాయి, కీళ్ల మీద అంత భారం తగ్గుతుంది. ఈదుతున్నవాళ్లందరి తలలూ నీళ్లలోనే ఉంటాయి, నిన్ను చూసే తీరిక ఎవరికీ ఉండదు. నేర్పేవాళ్లు పక్కన లేకుండా మాత్రం దిగొద్దు. ఆస్తమా ఉందని తేలితే కొలనులోని క్లోరిన్ పడుతుందో లేదో కూడా డాక్టర్‌ను అడుగు. నీళ్లంటే భయమైతే టేబుల్ టెన్నిస్ చూడు. నిలబడే చోటు చిన్నది, వారం పది రోజులకే బంతి వరసగా నాలుగైదుసార్లు తిప్పికొట్టగలుగుతావు, ఆ ఉత్సాహం చాలు. విలువిద్యకు పరుగు అక్కర్లేదు. షాట్‌పుట్, డిస్కస్ లాంటి విసిరే ఆటల్లో నీ శరీరం లోటు కాదు, అండ. పోయిన వారం ఎంత దూరం పడింది, ఈ వారం ఎంత పడింది అనేదే లెక్క. కాకపోతే వాటిలో నడుము, తుంటి గట్టిగా తిప్పాలి, కాబట్టి వీటి గురించి డాక్టర్‌ను విడిగా అడుగు. బ్యాడ్మింటన్ తేలిక అనుకుంటారు కానీ ముందుకు ఒక్క ఉదుటున వంగే ఆ అడుగు మోకాలిని బాగా పరీక్షిస్తుంది. దాన్నీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌నూ కొన్ని నెలల తర్వాతకు ఉంచుకో.

పేరు ఇచ్చేముందు కోచ్‌ని ఒక మాట అడుగు: "సార్, అసలేమీ రానివాళ్లకు మొదటి నెల ఏం నేర్పిస్తారు?" దీనికి వెంటనే జవాబు చెప్పగలిగిన కోచ్ దొరికితే, ఆట ఏదైనా అందులో చేరు. వెనకబడినవాళ్లను గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించే చోట వద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలంటుంది. మొదటి రోజే అంత చేయమని కాదు. 10, 15 నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి. ఆడుతూ మాట్లాడగలుగుతుంటే వేగం సరిపోయినట్టే. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. కొత్తలో రెండు తొడలూ పట్టేసి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటే అది కండరాల నొప్పి. ఒకే కీలు నొప్పి పెట్టినా, రాత్రి నిద్రలోంచి లేపినా, నడక మారినా ఆట ఆపి అమ్మకు చెప్పు, ఆ రోజే.

అమ్మా, ఆడితే బరువు తగ్గుతుందా అన్నారు. ఆట ఒక్కదానితోనే పెద్దగా తగ్గదు, తిండి, 8 నుంచి 10 గంటల నిద్ర కూడా సరిచూసుకోవాలి. బరువు తగ్గించే పొడులు, మాత్రలు మాత్రం తేకండి. నొప్పి మాత్ర ఇప్పటి నుంచి ఆపేయండి. మరీ నొప్పిగా ఉంటే ఏం వేయాలో చూసిన డాక్టర్ చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీట్ వెంట తీసుకెళ్లి, నెలలో ఎన్ని వేశారో దాచకుండా చెప్పండి.