పాత బల్లెం మొనకి కర్ర: టేకు వద్దు, గట్టి వెదురు చూడండి

తాతగారి అటక మీద దొరికిన బల్లెం మొనకి టేకు కర్ర వేయించొచ్చా అని అడిగారు. వద్దండీ. మిల్లులో కోసిన బద్దని చిత్రిక పట్టి గుండ్రం చేస్తే నార ఎక్కడో తెగుతుంది, పోటు పడితే అక్కడే విరుగుతుంది. గొడ్డలి కామలకి వాడే చిరుమాను మంచిదే గానీ ఆరడుగులు తిన్నగా దొరకడం కష్టం, పైగా బరువు.

మా రంపచోడవరం వైపు పెద్దవాళ్ళు బోలు దాదాపు లేని గట్టి వెదురే వాడేవారు. బ్రిటిష్ కాలంలో పందుల వేట బల్లేలకీ, గుర్రపు దళాల ఈటెలకీ ఇదే జాతి.

మేదరి వాళ్ళని అడిగితే ఏరి ఇస్తారు. మూడేళ్ళు దాటినది కావాలి. లేత వెదురు మీద తెల్లటి బూడిద ఉంటుంది, ఆరాక ముడుచుకుపోతుంది. ముదురుది కొడితే కణకణమంటుంది. వానల్లో నరికింది తీసుకోకండి, పురుగు పట్టి పొడి రాలుతుంది. చలికాలంలో కొట్టినదాన్ని కొన్ని వారాలు నీళ్ళలో నానేసి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి.

అసలు పనితనమంతా వంకర తీయడంలోనే. వంకరని చెక్కి సరిచేయబోతే పై తొక్క పోతుంది, బలమంతా ఆ తొక్కలోనే ఉంది. మంట మీద కాదు, నిప్పుల మీద, కణుపు దగ్గర తిప్పుతూ కాచాలి. తొక్క చెమట పట్టినట్టు మెరుస్తుంది. అప్పుడు చెట్టు పంగలో పెట్టి వంకరకి ఎదురుగా, కాస్త ఎక్కువగానే వంచి, తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా వదలకూడదు. తొందరపడితే మళ్ళీ వెనక్కొస్తుంది. కణుపుల మధ్య బోలు ఉంటే, వేడెక్కినప్పుడు తుపాకీ పేలినట్టు పగులుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి.

మొన గొట్టంలోకి నేనైతే మొదలు వైపే ఎక్కిస్తాను, అక్కడ వెదురు నిండుగా ఉంటుంది కాబట్టి మేకు కొట్టినా చీలదు. మేకుకి ముందే సన్నగా బెజ్జం వేయండి. గొట్టంలో కరిగించిన లక్క పోసి దిగ్గొడితే కదలదు. ఆముదం రాస్తూ ఉంటే చాలు, వార్నిష్ అక్కర్లేదు, చెయ్యి జారుతుంది.

ఇక పొలంలో అడవిపందుల మీదికి పనికొస్తుందా అన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా కొడితే కేసే. పంట నష్టమైతే అటవీశాఖకి అర్జీ పెట్టుకోండి, బల్లెం మాత్రం గోడకే ఉంచండి.