ఆ లోటు నేనేనండి

విద్యానగర్,
హైదరాబాద్.

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రవీంద్రభారతిలో హరిశ్చంద్ర నాటకం జరిగిన ఆదివారం నేనూ హాల్లోనే ఉన్నాను. నాలుగో వరసలో, ఎడమవైపు చివర. అంతకుముందు రోజు శనివారం కూడా వెళ్ళాను. నీకా సంగతి తెలియదు కాబట్టి మొహమాటపడకుండా రాశావు, మంచిదే అయింది. ఫోన్లో చెబితే నువ్వు "సరే సార్, సరే సార్" అంటావు, తర్వాత మర్చిపోతావు. అందుకని ఉత్తరం.

నీ భాష బావుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ఆదివారం ప్రదర్శనలో ప్రధాన పాత్రను మరొక నటుడు పోషించగా ప్రేక్షకులు నిరాశకు గురయ్యారు" అన్నావు. ఎవరమ్మా ఆ మరొక నటుడు? వ్యాసం చివరిదాకా వెతికాను. ఆ రోజు రాని పెద్దాయన పేరు ఆరుసార్లు ఉంది. వచ్చి మూడు గంటలు పాడిన మనిషి పేరు ఒక్కసారీ లేదు.

ఇది దెప్పడం కాదు. నేనూ ఇదే పని చేశాను. నీకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాణ్ణి అప్పుడు. ఒక వారపత్రికకి నాటక సమీక్షలు రాసేవాణ్ణి. ఒక నాటకంలో కృష్ణుడి వేషానికి రావలసిన ఆయన రాలేదు, ఇంకెవరో కట్టారు. నేను మొత్తం రెండు పేజీల్లో ఆ విషయానికి ఒకే ఒక్క వాక్యం ఇచ్చాను, "ప్రధాన నటుడు లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది" అని. ఆ వాక్యం రాసినందుకు నాకు నేనే మెచ్చుకున్నాను కూడా. ఏడెనిమిదేళ్ళ తర్వాత చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదో సభ అయి బయటికొస్తుంటే ఒకాయన నమస్కారం పెట్టాడు. ఎవరో గుర్తుపట్టలేదు. "మాస్టారూ, మీరు రాసిన ఆ లోటు నేనేనండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీ తాగుదాం రమ్మని కూడా పిలిచాడు. ఆ టీ నాకు గొంతు దిగలేదు.

సరే, నీ వ్యాసంలోకి వద్దాం. ప్రేక్షకులు నిరాశపడ్డారన్నావు. ఎప్పుడు, ఎందుకు, ఎవరు? హాలు మొత్తానికి కలిపి ఒక మూడ్ అంటగట్టేస్తే సమీక్ష తొందరగా పూర్తవుతుంది కానీ అక్కడ జరిగింది ఒక్క ముక్కా అందులోకి రాదు.

వేషం మారడం మనవాళ్ళకి కొత్త కాదు, అది ముందు తెలుసుకో. ఊళ్ళలో కాంట్రాక్టు నాటకాలు రాత్రంతా జరిగేటప్పుడు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఉండేవాళ్ళు. రాయబారం సీనుకి పేరున్నాయన వచ్చేవాడు. హరిశ్చంద్ర ఆడితే కాటి సీనుకి వేరే హరిశ్చంద్రుడు దిగేవాడు. అప్పటిదాకా నిద్రపోయిన పిల్లల్ని కూడా లేపి కూచోబెట్టేవాళ్ళు. ఒక రాజ్యం పోగొట్టుకున్న మనిషి, కాటికాపరి అయ్యేసరికి ముక్కూ మొహం మారిపోయి రెండంగుళాలు పొడుగు పెరిగినా జనం కిక్కురుమనేవాళ్ళు కాదు. పోస్టర్లో ఇద్దరి పేర్లూ ఉండేవి మరి. ఎవరి పద్యం నచ్చితే వాళ్ళకి వన్స్ మోర్ కొట్టేవాళ్ళు, చదివింపులు చదివించేవాళ్ళు.

సురభి వాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాలవి. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో వాళ్ళ మాయాబజార్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఈ రోజు కృష్ణుడు ఎవరు అని నేనెప్పుడూ అడగలేదు, పక్కవాళ్ళు అడగ్గా వినలేదు. అక్కడ జనం వచ్చేది సురభి అనే పేరు కోసం, ఘటోత్కచుడి మాయల కోసం.

మరి ఆ ఆదివారం గుసగుసలు ఎందుకొచ్చాయి? కరపత్రం తీసి చూడు, నీ దగ్గర ఉండే ఉంటుంది. పెద్దాయన ఫొటో అరచేతంత. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఆదివారం పాత్రధారి మార్పు ఉండును". పేరు లేదు. మైకులో ఒక్కసారి చెప్పారు, అదీ జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నప్పుడు. నా వెనకాయన "స్టెప్నీ అన్నమాట" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నవ్వు నటుడి మీద కాదు, అప్పటికి ఆయన ఇంకా తెర వెనకే ఉన్నాడు. చెప్పీ చెప్పకుండా చెప్పినందుకు వచ్చిన నవ్వు అది.

న్యూయార్క్‌లో ఈ పద్ధతికి ఆల్టర్నేట్ అంటారు. జ్వరమొస్తే ఎక్కేవాడు అండర్‌స్టడీ, ముందే ఫలానా రోజు నాది అని ఒప్పుకుని ఎక్కేవాడు ఆల్టర్నేట్. అక్కడి పెద్ద మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు, మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు ఆడతాయి, ఒక్క గొంతు తట్టుకోవడం కష్టం. 1964 నాటి 'హలో, డాలీ!'ని 2017లో మళ్ళీ ఎత్తుకున్నప్పుడు బెట్ మిడ్లర్ ప్రధాన పాత్ర, మంగళవారం రాత్రులు మాత్రం డోనా మర్ఫీ. మా అబ్బాయి అప్పుడు న్యూజెర్సీలో ఉండేవాడు. "మంగళవారం టికెట్టే దొరికింది నాన్నా" అన్నాడు. ఆ "దొరికింది"లో కాస్త చిన్నతనం. చూసొచ్చాక పావుగంట డోనా మర్ఫీ గురించే చెప్పాడు, బెట్ మిడ్లర్ ఎలా చేస్తుందో అన్న ఊసే లేదు. ఆ మంగళవారాలు మర్ఫీవేనని ముందే ఊరంతా చెప్పారు. అక్కడ నాటకం పేరుకి పైన వేసిన తార రాకపోతే టికెట్టు వాపసు అడిగే ఆనవాయితీ కూడా ఉంది. మనకి ఆ రోజు రవీంద్రభారతిలో ప్రవేశం ఉచితం, వాపసు అడగడానికి ఏముంది? సెలవురోజు సాయంత్రం, ఉప్పల్ నుంచి వచ్చిన శ్రమ. అవి ఎవరూ వాపసు ఇవ్వరు కాబట్టే గొణుగుడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం నటుడి గొంతు బలహీనంగా ఉంది, మొదటి అంకంలోనే ప్రేక్షకులు అసహనంగా కదిలారు అన్నావు. కదిలిన మాట నిజం. కానీ హార్మోనియం గమనించావా? శనివారం హార్మోనిస్టు పట్టుకున్న శృతి నాలుగున్నర, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెత్తి పాడాలి. పెద్దాయన పాడేది అందులో. ఆదివారం అదే హార్మోనిస్టు రెండున్నరకి దించాడు, ఈయన గొంతుకి అది సరిపోతుంది. మరి చంద్రమతి? ఆవిడ ఇన్నాళ్ళూ పైశృతిలో సాధన చేసిన మనిషి. రెండున్నరలో ఆవిడ పద్యం కింది స్థాయిలో పడి గాలైపోయింది. జనం కదిలింది అక్కడ, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అందుకునే పద్యాల దగ్గర. ఆయన ఒక్కడే పాడినప్పుడు ఎవరూ కదల్లేదు. నువ్వు ఇద్దరి మధ్య జరిగినదాన్ని ఒకడి లోపంగా రాశావు. సంగీతం రాదు కదా సార్ అంటావు. నాకూ రాదు. విరామంలో వెళ్ళి హార్మోనిస్టుని అడిగాను, ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు.

ఇంకోటి. వారణాసి సీనులో విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అప్పు కోసం పీడించేటప్పుడు హాలంతా నవ్వింది, దాన్ని నక్షత్రకుడి ఖాతాలో వేశావు. వేయాల్సిందే. కానీ ఆ నవ్వుకి ముందు హరిశ్చంద్రుడు ఒక మాట మర్చిపోయాడు. నక్షత్రకుడు "చెప్పవయ్యా, ఏమన్నావు, నీ మాట నీకే గుర్తులేదా" అని పీడిస్తున్నట్టే పీడిస్తూ ఆ మాట అందించాడు. ముందు వరసల్లో నాటకాల వాళ్ళు నవ్విన తీరు వేరు, వెనకవాళ్ళు నవ్విన తీరు వేరు. రెండు నవ్వులూ ఒక్కసారే వినిపించాయి. ఇలాంటిది దొరికినప్పుడు వదులుకోకు, ఊరికే రావు.

"చివర్లో చాలామంది లేచి వెళ్ళిపోయారు" అని కూడా ఉంది. ముఖ్య అతిథులు నలుగురు, ఒక్కొక్కరికి శాలువా, ఒక్కొక్కరి ఉపన్యాసం, నాటకం మొదలవడమే గంటన్నర ఆలస్యం. లేచినవాళ్ళు చివరి మెట్రో కోసం లేచారు. మెట్ల దగ్గర వాళ్ళ మాటలు విన్నాను. ఒకామె నడుస్తూనే వెనక్కి తిరిగి స్టేజీ చూసుకుంటోంది. అలాగే చివరి చప్పట్లనీ మరీ నమ్మకు, సగం చప్పట్లు నాటక సమాజం వాళ్ళ బంధువులవే. మా బావమరిది ఒకడు నాటకం చూడకుండానే చప్పట్లు కొట్టేవాడు, వాడి సంగతి ఇంకెప్పుడైనా చెబుతాను.

పెద్దాయనతో పోలిక గురించి. పోల్చొద్దు అనను, చెవి దానంతటదే పోలుస్తుంది. కానీ శనివారం పెద్దాయన పాడుతున్నప్పుడు నా పక్కన కూర్చున్నాయన ఏమన్నాడో తెలుసా? "డి.వి. సుబ్బారావు గారిలా ఎక్కడొస్తుందండీ" అన్నాడు, హరిశ్చంద్రుడి వేషానికి పేరుపడ్డ ఆయన్ని తలుచుకుని. అంటే శనివారం హరిశ్చంద్రుడు కూడా ఒకరికి బదులే. అంతెందుకు, జనం కాటి సీనులో ఎదురుచూసే "ఇచ్చోటనే" పద్యాలు ఈ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవివి కావు. జాషువా గారి 'శ్మశానవాటి' నుంచి నాటకంలోకి వచ్చి ఉండిపోయాయి. ఇప్పుడవి లేకపోతే నాటకం అసలుది కాదంటారు.

ఆ కాటి సీను దగ్గర నువ్వు "చప్పట్లు రాలేదు" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. నిజమే, రాలేదు. నేను చూసింది చెబుతాను, నువ్వు కుడివైపు ఉండి ఉంటే ఇది కనపడదు. ఆయన పద్యం చివర రాగం తీయలేదు. మాట అయిపోగానే ఆపేశాడు. అందరూ అలవాటుగా రాగం కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు, చేతులు చప్పట్లకి సిద్ధంగా లేచి ఉన్నాయి, అది రాలేదు. హాల్లో ఏమీ లేదు. అప్పుడు నా ముందు వరసలో పంచె కట్టుకున్న ఒక ముసలాయన, నాటకం మొదట్లో "ఇంక కాటి సీను పోయినట్టే" అన్న మనిషే, ఆ రాగాన్ని తనే తీశాడు. సన్నగా, కళ్ళు మూసుకుని, పూర్తిగా చివరిదాకా. తను పైకే పాడుతున్నానని తెలియదనుకుంటాను. ముందున్న ఇద్దరు తిరిగి చూశారు. స్టేజీ మీద ఆయనకి వినిపించిందో లేదో, అయిదారు క్షణాలు కదలకుండా నిలబడి, తర్వాత పద్యం అందుకున్నాడు.

అది ఫిర్యాదా, కలిసి పాడటమా? నాకు ఇప్పటికీ తేలలేదు. నువ్వు తేల్చాలని కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టు.

ఆదివారం నటుడి పేరు నాకు తెలుసు, కానీ చెప్పను. నిర్వాహకుల ఫోన్ నంబరు కరపత్రం వెనక ఉంది. చేసి అడుగు, ఇంటిపేరుతో సహా. వీలైతే ఆయనతోనే మాట్లాడు, రాగం ఎందుకు ఆపారో అడుగు. వ్యాసం మళ్ళీ రాసి, ఆ పేరు మొదటి పేరాలో పెట్టి, శుక్రవారంలోగా పంపించు. శనివారం నేను ఊళ్ళో ఉండను.

మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు