పిక్కలు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే మామూలుగా నడవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

నడవడమే అయితే ఆపరేషన్ జరిగిన సాయంత్రమే నడిచాను. నడిపించారు అనాలి, నర్సు ఊరుకోలేదు. మామూలుగా నడవడం అంటే ఎవరూ కాళ్ల వంక చూడకుండా నడవడం అని మీ ఉద్దేశమైతే, అది మీరు ఏ ఊళ్లో కోలుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను కోనసీమలో, అమలాపురం దగ్గర మా పుట్టింట్లో కోలుకున్నాను. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మా నాయనమ్మవీ మేనత్తలవీ నావీ ఒకే అచ్చు కాళ్లు. మోకాలి కింద మొదలైన లావు చీలమండ దాకా ఎక్కడా తగ్గదు. బడిలో నాకున్న పేరు ‘బోదకాలు’. గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు. దేవుడిచ్చిన కాళ్లను కోయించుకోవడమేమిటని అడిగినవాళ్లున్నారు. జుట్టుకు రంగు వేసుకోకుండా ఏ పెళ్లికీ వెళ్లని మామయ్య ఒకాయన నాకు సహజ సౌందర్యం గురించి అరగంట చెప్పారు. విని ఊరుకున్నాను, సంపాదన నాది, కాళ్లు నావి.

ముందు మీ పిక్కలో ఉన్నది కొవ్వా, కండా తేల్చుకోండి. విశాఖపట్నంలో నన్ను చూసిన సర్జన్ మునివేళ్ల మీద నిలబడమన్నారు. అప్పుడు కండ బిగుసుకుంటుంది, దాని పైన వేళ్ల మధ్యకు చిక్కేదంతా కొవ్వు. నాకు దండిగానే చిక్కింది. అంతకుముందు ఒక బ్యూటీ క్లినిక్‌లో నా కాలు ముట్టుకోకుండానే బోటాక్స్ సూదులకు ధర చెప్పారు. ఆ సూది కండను బలహీనపరిచి సన్నబరుస్తుంది తప్ప కొవ్వును ఏమీ చేయదు. పైగా సుమారు ఆరు నెలలకు ప్రభావం తగ్గిపోతుంది, మళ్లీ పొడిపించుకోవాలి. దక్షిణ కొరియాలో పిక్క కండకు వెళ్లే నరం కొమ్మను తెంచడం, కండనే కొంత కోసి తీయడం కూడా చేస్తారు. దాని జోలికి మాత్రం వెళ్లకండి. అడుగు వేసేటప్పుడు మడమను పైకి లేపేది ఆ కండే. అది తీయించుకుని వర్షాకాలంలో మా పంటబోదె గట్టు మీద పది అడుగులు వేసి చూపించమనండి. సియోల్ కాలిబాటలకు పనికొచ్చే పిక్కలు మా డెల్టాకు పనికిరావు. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు ఆ గట్ల మీద నడవరు.

నాకు చేసింది లైపోసక్షన్. సెలైన్‌లో మత్తుమందు, రక్తం ఎక్కువగా పోకుండా అడ్రినలిన్ కలిపి చర్మం కింద నింపారు. మోకాలి వెనక, చీలమండ దగ్గర చిన్న గాట్లు పెట్టి సన్నని గొట్టంతో కొవ్వు లాగారు. ఆ గాట్ల నుంచి ఒకటి రెండు రోజులు గులాబీ రంగు నీరు కారుతుంది. చూసి కంగారు పడకండి, పక్క మీద పాత దుప్పటి పరుచుకోండి. నొప్పి గురించి అందరూ భయపెడతారు గానీ, ఉన్నదల్లా మంట, బిగుతు, అక్కడక్కడా తిమ్మిరి. విసిగించేది వాపు. ఒంట్లో మిగతా చోట్ల కంటే కాళ్లలో, అందులోనూ చీలమండ దగ్గర, వాపు చాలా ఆలస్యంగా దిగుతుంది. నీరు కిందికే దిగుతుంది మరి. అసలు ఆకారం బయటపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. మధ్యలో చర్మం కింద సున్నుండల్లా గడ్డలు చేతికి తగులుతాయి, అవీ మెల్లగా కరిగిపోతాయి.

వెంటనే ప్రయాణం వద్దన్నారు. కదలకుండా కూర్చుంటే కాలి రక్తనాళాల్లో గడ్డ కట్టవచ్చు. వెళ్లనిచ్చిన రోజున కూడా గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమని, వీలైతే లేచి నడవమని మరీ మరీ చెప్పారు. రైల్లో సరే, లేచి తిరగవచ్చు. కానీ మా అమలాపురానికి రైలేదీ? రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా కారులో పోవాలి. కోటిపల్లి–నరసాపురం లైను కోసం గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, వాటి మీద రైలెక్కే యోగం మాకు ఇంకా రాలేదు. కారు టైరు గోతిలో పడ్డప్పుడల్లా రైల్వే మంత్రులను వరసగా తలచుకున్నాను.

ఇక ఇంటి దగ్గర జరిగింది చెప్పాలి. నేను రాకముందే మా అమ్మ, అమ్మాయికి కాలు బెణికిందని వీధంతా చెప్పి పెట్టింది. వాళ్లు వచ్చి చూస్తే మంచం మీద దిండ్లు పేర్చి రెండు కాళ్లూ ఎత్తి పెట్టుకుని, మోకాళ్ల దాకా బిగుతు మేజోళ్లతో నేను. రెండు కాళ్లూ ఒకేసారి బెణికాయంటే నమ్మడానికి మా వీధివాళ్లు అంత అమాయకులు కారు. పక్కింటి అత్తయ్య కాసేపు చూసి, అమ్మను వంటింట్లోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి నాకు బాగా వినబడేటట్టు అన్నది: “దాచుకుంటే ఎలా వదినా? ఇప్పుడు మంచి మాత్రలున్నాయిగా.”

సరిగ్గా ఆ వారమే మా వీధిలో ఫైలేరియా వాళ్లు రాత్రి రక్తపరీక్షలు చేస్తున్నారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా లోపలి రక్తనాళాల్లో, ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, దాగి ఉండి, క్యూలెక్స్ దోమ కుట్టే రాత్రి వేళకు పైరక్తంలోకి వస్తాయి. అందుకే పరీక్ష కూడా రాత్రే. 1955లో మొదలైన జాతీయ కార్యక్రమం ఇది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ పంచిన ఫైలేరియా నివారణ మాత్రలు మింగి పెరిగినదాన్నే నేను. మురుగుకాలవలు బాగుచేయడం మాత్రం ఎవరికీ గుర్తురాదు. మాత్ర మింగినంత తేలిక కాదుగా.

తొమ్మిది దాటాక గుమ్మంలో టార్చి వెలుగు పడింది. కళ్లద్దాలాయన ఒకరు, గాజు స్లైడ్ల పెట్టె పట్టుకున్న కుర్రాడు, వాళ్ల వెనక దారి చూపిస్తూ అత్తయ్య, అత్తయ్య వెనక ఇంకో నలుగురు. స్పిరిట్ దూదితో నా వేలు తుడిచి, సూదితో పొడిచి, రక్తపు చుక్కలు స్లైడు మీదికి తీశారు. తర్వాత ఆయన నా కాళ్ల దగ్గర ఒంగారు. నా మేజోళ్లకు వేళ్ల దగ్గర మూత ఉండదు. రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగారు. అది లేచింది. రెండో కాలికీ అంతే చేసి, “మా జబ్బయితే ఇక్కడ చర్మం మందంగా ఉండి ఇలా చిక్కదమ్మా. స్లైడు ఫలితం చెబుతాం గానీ, ఇది వేరే ఏదో” అన్నారు.

“మరి ఏమిటండీ?” అని అత్తయ్య ఆయన్నే అడిగింది.

అమ్మ నోరు తెరిచే లోపల నేనే చెప్పేశాను, కొవ్వు తీయించుకున్నానని. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్తయ్య, “డబ్బులిచ్చా?” అంది. కుర్రాడు స్లైడ్ల పెట్టెలో తల దూర్చి నవ్వుకున్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు, ఆ మేజోళ్లు ఏ సైజని అడిగారు.

స్లైడులో ఏమీ లేదని తర్వాత తెలిసింది. అప్పటికే వీధికి ఆసక్తి పోయింది.

మర్నాడు ఎదురింటి మామ్మ వచ్చింది. ఆమెకు ఎడమ కాలు నిజంగానే బోదకాలు, నేను పుట్టకముందు నుంచీ. వచ్చి కూర్చుని, ఏమీ అడగకుండా నా మేజోడు అంచు పట్టుకుని సాగదీసి చూసింది. నా చేత ఒకటి విప్పించి వేళ్ల మధ్య చూసి తిట్టింది. “ఇంత తడి ఉంచుకుంటే పాచిపోదా? సబ్బుతో కడుక్కుని, వేళ్ల సందులు ఒక్కొక్కటీ ఒత్తుకో, రుద్దకు.” రాత్రిపూట మేజోళ్లు తీయవచ్చని డాక్టరు చెప్పాక కూడా ఆమే నేర్పింది: తెల్లారి మంచం దిగకముందే తొడుక్కోవాలి, దిగాక కాల్లోకి నీరు దిగుతుంది, తర్వాత తంటాలు పడాలి. గుడ్డ కట్లు కట్టుకున్న రోజుల నుంచీ ఆమెకు తెలిసిన పని అది. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో ఇవేవీ లేవు. ఉన్నది ఇంగ్లీషులో ఉంది, అందులో సగం బిల్లు. కాళ్లు తగ్గించే ఏ డాక్టరైనా ముందు ఇలాంటి మామ్మ దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. మామ్మ తనకూ అలాంటి మేజోళ్లు కావాలంది. కొలతలు లేకుండా కొనకూడదని అమలాపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ధర విని దుకాణంవాడితో బేరమాడింది, తగ్గించాడు కూడా. నాకు ఆ ఊరి దుకాణంలోనే కాదు, విశాఖలో కూడా పైసా తగ్గించలేదు.

మీరు అడిగినదానికి మిగిలింది: కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే ఒకటి రెండు వారాల్లో వెళ్లవచ్చు, కాళ్లు మాత్రం వేలాడదీయకండి. పరుగులు, గంతులు సర్జన్ సరే అనేదాకా వద్దు. మేజోళ్లు నాకు ఆరు వారాలు వేసుకోమన్నారు. ఒక కాలే ఉన్నట్టుండి ఉబ్బి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా నాలాంటివాళ్ల జవాబులు చదువుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. ఆపరేషన్ వేసవిలో మాత్రం పెట్టుకోకండి. మే నెల ఉక్కలో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ మేజోళ్లతో మా డెల్టాలో పడుకోవడం శత్రువుకు కూడా వద్దు. కార్తీకం దాటాక చేయించుకోండి. అప్పుడు సంక్రాంతికి ఊరు వెళ్లకుండా ఉండటానికి మంచి సాకు కూడా దొరుకుతుంది, చుట్టాలంతా అక్కడే ఉంటారు కాబట్టి.