ఏడిపించకుండా రాయి – ఒక యువ రచయితకు లేఖ

తిరుపతి

నాయనా,

నీ నాటకం చదివాను. అన్నను చంపించి సర్పంచ్ అయిన తమ్ముడి కథలో బలముంది. కానీ చివరి రంగంలో వాడిచేత పేజీన్నర ఏడిపించావు. అప్పటిదాకా కడుపునిండా తిని, మీటింగుల్లో దండలు వేయించుకున్నవాడు ఉన్నట్టుండి ఏడిస్తే ఎవరికి జాలేస్తుంది?

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ తీసి చదువు. రాజు డంకన్‌ను హత్య చేయకముందే సేనాని మాక్‌బెత్‌కు గాలిలో కత్తి కనబడుతుంది. రాజ్యం మీద ఆశా, చేయబోయే పాపం మీద భయమూ ఒకేసారి పుట్టాయన్నమాట. డంకన్‌ను చంపడం షేక్‌స్పియర్ మనకు చూపించడు. చంపి వచ్చినవాణ్ణి చూపిస్తాడు. ‘ఆమెన్’ అందామంటే నోరు పెగల్లేదంటాడు. కత్తులు మళ్లీ ఆ గదిలో పెట్టి రమ్మంటే వెళ్లలేడు, భార్యే వెళ్తుంది. కాసిని నీళ్లతో కడిగేస్తే పోతుందంటుంది ఆమె. ఐదో అంకంలో ఆమే నిద్రలో నడుస్తూ, లేని నెత్తురు కోసం చేతులు రుద్దుకుంటుంది. అతనేమో అప్పటికి భయం రుచే మరిచిపోయానంటాడు. భార్య పోయిందన్న కబురు విన్నా కన్నీరు రాదు. నాకు వణుకు పుట్టేది అక్కడే. తప్పుకు అల్లాడినంతకాలం మాక్‌బెత్ ఇంకా మనిషే. స్నేహితుడు బాంకోను చంపించే సంగతి భార్యకు కూడా చెప్పకుండా దాచాడు చూడు, ఆ మనిషి చేజారడం అక్కడ మొదలైంది. తనకు ఎదురుతిరిగిన మక్‌డఫ్ పెళ్లాంబిడ్డల్ని చంపించేటప్పుడు క్షణం కూడా తటపటాయించడు.

మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం చూసే ఉంటావు. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్న దుర్యోధన వధ. జనమంతా దుర్యోధనుడి కోసమే ఎగబడతారు గానీ, రాసేవాడు చూడాల్సింది ధర్మరాజును. అశ్వత్థామ చచ్చాడని ద్రోణుడితో అన్న క్షణాన, నేలకు నాలుగు వేళ్లెత్తున నడిచే అతని రథం నేలను తాకింది. అక్కడ ఏడుపు లేదు. అయినా ఆ తప్పు ఎంత పెద్దదో చూసేవాడికి తెలిసిపోతుంది. యుద్ధం గెలిచాక రాజ్యం వద్దు, అడవికి పోతానన్నదీ అతనే.

నీ నాటకంలో తమ్ముడు, అన్న చచ్చిన రోజు వదిన పెట్టిన సంగటి ముద్ద మింగలేకపోవాలి. మూడో రంగానికి అదే ఇంట్లో, అదే సంగటి ఇంకో ముద్ద అడిగి తినాలి. అప్పుడు వాడు ఏమైపోయాడో నువ్వు చెప్పక్కర్లేదు. ఆ వదినకు మాత్రం నువ్వు నాలుగు మాటలు కూడా ఇవ్వలేదు. ఆమెకు అంతా తెలుసనుకొని రాసి చూడు. చివరి ఏడుపు కొట్టేసి, మూడో రంగం ముందు పంపు.