మోనోబ్లాక్ మోటారు బోల్టులు రావట్లేదా, తొందరపడకండి

అన్నా, మోటారూ పంపూ ఒకే ఒంట్లో ఉండే మోనోబ్లాక్‌కి, పైపు బిగించే ఫ్లాంజి (పళ్లెం లాంటి అంచు) దగ్గర నాలుగేళ్లుగా విప్పని బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి పది నిమిషాలాగి పానా వేస్తే తల అరిగిపోతోంది అన్నారు కదా, తప్పు స్ప్రేది కాదు, తొందరది. 1953లో ఆ ఫార్ములా చేసిందే తేమను తరమడానికి, తుప్పులోకీ దిగుతుంది గానీ టైమ్ కావాలి.

ముందు వైరు బ్రష్‌తో బోల్టు మరల (చుట్ల) దగ్గర తుప్పు పొట్టు రాల్చండి. ఆ స్ప్రే నూనె కొట్టి బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి, ఆ అదురుకే నూనె సందుల్లోకి దిగుతుంది. గట్టిగా బాదొద్దు, ఫ్లాంజి పోత ఇనుము, పగిలిందంటే ఖర్చు వేరే ఉంటుంది. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ కొట్టండి. ఈసారి ఆరు మూలల సాకెట్ పానా పట్టి, ముందు కాస్త బిగించే వైపు కదపండి. కిర్రుమందా, ఇక వచ్చేసినట్టే, కొంచెం విప్పుతూ కొంచెం బిగిస్తూ నిదానంగా తీయండి.

అప్పటికీ మొండికేస్తే నట్టును వేడి చేయాలి, నూనె శుభ్రంగా తుడిచాకే సుమా. నేనోసారి తుడవకుండా మంట వచ్చే గ్యాస్ టార్చి పెట్టి కనుబొమ్మ కాల్చుకున్నా, ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. మళ్లీ బిగించేటప్పుడు మరలకు గ్రీజు పూయండి.