వార్ఫరిన్ మొదలుపెట్టిన అమ్మాయికి

అమ్మాయీ,

కాలిలో రక్తం గడ్డకట్టిందనీ, నీకు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర) మొదలుపెట్టారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గుండెలో కవాటం మార్చినప్పటి నుంచీ నేనూ ఆ మాత్రే వేసుకుంటున్నాను కదా, తెలిసింది రాస్తున్నాను.

ఆకుకూరలు పూర్తిగా మానేశావట. మానక్కర్లేదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మాత్ర ఆ పనికి అడ్డం పడుతుంది. పాలకూర, క్యాబేజీ, బ్రొకోలీల్లో విటమిన్ కె ఎక్కువే, నిజమే. కానీ నీ మామూలు తిండికి తగ్గట్టే డోసు కుదురుస్తారు. వారమంతా ముట్టకుండా ఉండి ఒక్కరోజు గిన్నెడు తింటేనే చిక్కు. పైగా ఆ విటమిన్ మరీ తక్కువ తినేవాళ్లకే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె, అది మరీ పెరిగితే రక్తస్రావం ముప్పు) ఎక్కువగా ఊగిసలాడుతుంది. మళ్లీ తినడం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పి, తర్వాత రక్తపరీక్ష చేయించుకో. మార్పు ప్రభావం పూర్తిగా తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది.

నీకు ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. నాలాంటి కవాటం వాళ్లలో కొందరికి ఇంకాస్త పైన ఉండాలి. అందుకని నా డోసుతో నీ డోసు పోల్చుకోకు.

తిండి గురించి పడే టెన్షన్‌లో సగమైనా జనం మందుల గురించి పడరు. అసలు భయపడాల్సింది అక్కడ. నొప్పి మాత్రలే చూడు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, ఐఎన్ఆర్ సరిగ్గానే ఉన్నా లోపల రక్తం కారొచ్చు. ఆస్పిరిన్ కూడా డాక్టరు రాస్తే తప్ప వద్దు. పారాసిటమాల్ నయం. అయితే 500 మి.గ్రా. మాత్రలు రోజుకు నాలుగు చొప్పున వరసగా కొన్ని రోజులు వేసుకుంటే అదీ ఐఎన్ఆర్ పెంచుతుంది.

మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్ వేసుకుంటే వార్ఫరిన్ త్వరగా ఒంట్లోంచి పోదు, ఐఎన్ఆర్ బాగా పెరుగుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపిన్ అందుకు తిరగబడి, వార్ఫరిన్ బలం తగ్గిస్తాయి. వాటికోసం వార్ఫరిన్ డోసు పెంచుతారు. కోర్సు అయిపోయాక ఆ పెంచిన డోసు అలాగే ఉండిపోతే రక్తస్రావం ముప్పు. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు చెప్పినట్టే, ఆపినప్పుడూ చెప్పాలి. ఈ రెండోది చాలామందికి తట్టదు.

మింగేవే మందులనుకోకు. నోటిపూతకు రాసే మైకోనజోల్ జెల్ కూడా ఐఎన్ఆర్‌ని బాగా పెంచగలదు. సాలిసిలేట్ ఉన్న నొప్పి బామ్‌లు రోజూ పట్టించినా అంతే.

ఇక సప్లిమెంట్లు. సహజమైనవే కదా, ఏం చేస్తాయిలే అనే మాట నాకు అస్సలు నచ్చదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వార్ఫరిన్ బలం తగ్గిస్తుంది. గింకో అనే చెట్టు ఆకుల మందు, వెల్లుల్లి, పసుపు క్యాప్సూల్స్, పెద్ద డోసు చేపనూనె రక్తస్రావం ముప్పు పెంచొచ్చు. వంటలో పడే వెల్లుల్లి, పసుపులతో ఇబ్బంది లేదు. మల్టీవిటమిన్ డబ్బా మీద విటమిన్ కె ఉందేమో చదువు. వేసుకునేవన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుని, పళ్ల డాక్టరు సహా ఎవరి దగ్గరికెళ్లినా ముందు అవి చూపించు.

వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సయించకపోయినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చెయ్యి, మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. పిల్లల ఆలోచన ఉంటే మొహమాటపడకుండా ముందే అడుగు, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

ముందుముందు రక్తం గడ్డకట్టకుండా ఆపే వేరే మాత్రలైన అపిక్సబాన్‌కో రివరోక్సబాన్‌కో మారిస్తే ఆకుకూరల లెక్క, తరచూ ఐఎన్ఆర్ పరీక్షలు తప్పుతాయి. నొప్పి మాత్రల విషయంలో, రిఫాంపిసిన్ విషయంలో జాగ్రత్త మాత్రం అలాగే ఉండాలి. రివరోక్సబాన్ 15, 20 మి.గ్రా. మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి.

ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకు. మలం నల్లగా తారులా వచ్చినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, తలకు గట్టి దెబ్బ తగిలినా, పైకి ఏమీ కనబడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ముందు ఈ మాత్ర సంగతి చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ