గునుగు కోయబోతున్న నా మనవరాలికి

బిడ్డా,

ఈసారి బతుకమ్మకు గునుగు నువ్వే వెళ్లి కోసుకొస్తావట, ఆఫీసు పిల్లలను కూడా వెంటేసుకుని. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే సంబురమైంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. గుడిమల్కాపూర్ మార్కెట్లో కట్టలు కట్టలు అమ్ముతారు కదా, దీనికెందుకు ఈ తిప్పలు అనుకున్నా. పోనీలే, మన ఇంట్లో మళ్లీ చేలల్లోకి దిగే పిల్ల ఒకతి ఉందిగా అని నాకు నేనే చెప్పుకున్నా.

పొద్దున్నే వెళ్లండి. నిండు చేతుల అంగీ, కాళ్లకు బూట్లు, నీళ్ల సీసా. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఎక్కడ దొరుకుతుందో మాత్రం నన్నడుగు. గునుగు తోటకూర జాతిది. విత్తనం కూడా తోటకూర గింజలాగే నల్లగా మెరుస్తుంది. వానలకు మొలుస్తుంది, బతుకమ్మకు పూస్తుంది, గింజ రాల్చి ఎండిపోతుంది. దానికి ఎండ కావాలి. మామిడి తోట నీడలో వెతికితే టైమ్ వేస్ట్. నీళ్లు నిలిచే వరి మడిలోనూ బతకదు. మక్క, జొన్న, పత్తి, కంది వేసిన చెల్కల్లో చూడు, గెట్ల వెంట చూడు. దున్నిన నేల, తవ్విన నేల, తిరగబోసిన మట్టి, ఇవే దాని ఇల్లు. మీ వైపు ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన వెంచర్లలో కూడా తెల్లగా విరగబూస్తుంది. ఏళ్ల తరబడి నాగలి తగలని బీడును గడ్డి, తంగేడు పొదలు, వయ్యారిభామ కమ్మేస్తాయి. అక్కడికి తంగేడు కోసం వెళ్లు, గునుగు కోసం కాదు. వయ్యారిభామను ముట్టుకోకు, నీకసలే దురదల ఒళ్లు.

రైతును అడిగి చేనులో దిగు. ఆయనకది కలుపు, వేళ్లతో సహా పీక్కుపో తల్లీ అంటాడు. అలాగే పీకు. బీడులో అయితే కొడవలితో పైపైన కోసి, కొన్ని మొక్కలు గింజకు వదిలెయ్యి. పత్తి చేను దగ్గర ముందు కలుపు మందు కొట్టారా అని అడుగు. వాడిపోయి, ఆకులు ముడుచుకుని కనిపిస్తే అడగాల్సిన పని కూడా లేదు, వెనక్కి వచ్చెయ్యి. కొన గులాబీ రంగులో, కింద తెల్లగా ఉన్న కంకులు మంచివి. ఒక రోజు ముందే కోసి పెట్టుకున్నా గునుగు వాడదు. తంగేడును మాత్రం ఆ రోజే తెచ్చుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ చిన్నమ్మమ్మ ఎడమ మణికట్టు ఎందుకు వంకరగా ఉందని నువ్వు చిన్నప్పుడు అడిగావు. చింతచెట్టు మీది నుంచి పడిందని చెప్పా. మా అమ్మకు కూడా అప్పుడు అదే చెప్పా.

నాకు పన్నెండేళ్లు, దానికి ఏడు. సద్దుల బతుకమ్మ ముందు రోజు. దగ్గరి చెల్కలోనే కోసుకురమ్మంది అమ్మ. పక్కింటి వాళ్ల బతుకమ్మ కంటే మనది ఎత్తుండాలని నాకు పిచ్చి. జొన్నచేను అవతల బావి ఒకటి ఉండేది, ఒర లేదు, గట్టు లేదు. ఆ ఎండాకాలమే పూడిక తీసి మట్టంతా ఒడ్డున పోశారు. కొత్త మట్టి కదా, గునుగు నా ఛాతీ ఎత్తున లేచింది. చెల్లె అందులోకి పోతే నెత్తి కూడా కనిపించలేదు. "నువ్వు ముందు పో, పొడుగువి చూసి కొయ్యి" అన్నా. అన్నది నేనే. తెల్ల కంకులు ఊగుతుంటే అది ఎక్కడుందో తెలుస్తోంది. కాసేపటికి ఊగడం ఆగింది.

నీళ్లకు మూరెడు పైన ఒక రాతి మెట్టు ఉంది కాబట్టి మీ చిన్నమ్మమ్మ ఈరోజు ఉంది. నా అరుపులు విని మేకలు కాసే ముసలాయన దిగి, భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. దెబ్బలు పడతాయని నేను చింతచెట్టు కథ అల్లా, దాని చేత కూడా ఒట్టు వేయించా. చెట్టు మరీ ఎత్తు కాదని కూడా చెప్పా. దాంతో అమ్మ బెణికిందనుకుని పసుపు పట్టు వేసి ఊరుకుంది. పట్నం దవాఖానకు తీసుకెళ్లేసరికి నాలుగు రోజులైంది. ఎముక అలాగే అతుక్కుంది.

సద్దుల నాడు అది కూడా ఆడతానని పట్టుబట్టింది. ఒక చెయ్యి కట్టులో ఉంది. చప్పట్లు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా రెండో చెయ్యి తెచ్చి నా అరచేతి మీద కొట్టింది. బతుకమ్మను చెరువులో వదిలేదాకా అలాగే కొట్టింది.

అందుకే చెప్తున్నా. గునుగు ఎక్కడ బాగా గుబురుగా, నీ నడుము దాటి ఉందో అక్కడ ఆగు. ఎవరో ఎందుకో తవ్విన మట్టి అది. తవ్విన గుంత కూడా పక్కనే ఉంటుంది. పొడుగు కర్ర పట్టుకుని ముందు నేల పొడిచి, తర్వాత అడుగు వెయ్యి. నీ వెంట వచ్చే పిల్లల్లో ఎవరినీ ముందు నడవనివ్వకు. నవ్వితే నవ్వనీ.

నా చిన్న కొడవలి పదును పెట్టించి మీ మామతో పంపిస్తున్నా, పిడి కొంచెం వదులుగా ఉంది. చిన్నమ్మమ్మ కూడా నీతో వస్తానంటోంది. వద్దన్నా వినదు. గెట్టు మీద నీడ చూసి కూర్చోబెట్టు, కట్టలు కట్టే పని ఇవ్వు, ఆ చేత్తోనే నీకంటే గట్టిగా కడుతుంది. ఈ ఉత్తరం దానికి చూపించినా పర్వాలేదు. నేను వేయించిన ఒట్టు అది ఇప్పటిదాకా తప్పలేదు.

రంగులు అద్దేటప్పుడు నాకోసం ఒక కట్ట తెల్లగానే ఉంచు.

మీ అమ్మమ్మ